బ్యాటు పట్టుకుంటే వచ్చే భయం



ఈసారి గోడపత్రికలో ఆటల గురించి ఒక వ్యాసం ఉండాలని ఎడిటరు అన్న అడిగాడు. "రూల్సు రాయకు, అవి ఎవరూ చదవరు. నీకు జరిగింది రాయి" అన్నాడు. రెండు చార్టులు ఇచ్చాడు. నాకు నాలుగు పట్టాయి. అందుచేత కవితల మూల కొంచెం ఇరుకైంది, కవులు నన్ను తిట్టుకోవద్దు.

నేను రాయబోయేది బేస్‌బాల్ బ్యాటింగులో వచ్చే భయం గురించి. భయం అంటే బంతి తగులుతుందన్న భయం కాదు. అది రెండు రోజుల్లో పోతుంది. ఒకసారి తొడ మీద తగిలి కమిలితే "ఇంతేనా" అనిపిస్తుంది. ఇది వేరే భయం. అందరూ చూస్తున్నారు, నా మీదే ఉంది, ఇప్పుడు నేను కొట్టకపోతే ఎలా అనే భయం. పరీక్ష హాల్లో పేపరు ఇచ్చాక మొదటి ప్రశ్న రాకపోతే చెవులు వేడెక్కుతాయి చూడండి, అలాంటిదే. కానీ పరీక్షలో మూడు గంటలు ఉంటాయి. ఇక్కడ అర సెకను కూడా ఉండదు.

ఆ లెక్క మా పి.ఇ.టి. సారు బోర్డు మీద వేసి చూపించారు. పెద్దవాళ్ల బేస్‌బాల్‌లో పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోం ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు, అనగా 18.44 మీటర్లు. అమెరికాలో పెద్ద లీగు పిచ్చర్ గంటకి 145 కిలోమీటర్ల వేగంతో వేస్తే ఆ బంతి సుమారు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. అందులోనే బంతిని చూడాలి, కొట్టాలా వద్దా తేల్చుకోవాలి, బ్యాటు తిప్పాలి. మాతో ఆడే పిల్లలు అంత వేగంగా వెయ్యరనుకోండి. అయినా మాకు ఉండే టైము కూడా రెప్ప వేసి తీసినంతే. ఆ రెప్పపాటులో "మా అయ్య చూస్తున్నాడు" అని ఒక్క ఆలోచన వచ్చిందా, బంతి క్యాచర్ గ్లౌజులో ఉంటుంది.

క్రికెట్ తెలిసినవాళ్లకి ఒక ముక్క చెప్పాలి. క్రికెట్‌లో అనుమానం వస్తే బంతిని ఆపుకోవచ్చు, డిఫెన్సు ఆడి ఓవరంతా నిలబడొచ్చు. ఇక్కడ నిలబడడానికి లేదు. మూడు స్ట్రైకులు పడితే ఔట్. బంతి మంచి చోటుకి వచ్చినా కొట్టకపోతే స్ట్రైకే, కొట్టబోయి తప్పినా స్ట్రైకే. కానీ పిచ్చర్ నాలుగు బంతులు పక్కకి వేస్తే, మనం వాటి జోలికి పోకపోతే, ఊరికే మొదటి బేసుకి నడిచిపోవచ్చు. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పని ఉంది.

మన స్కూల్లో బేస్‌బాల్ ఎలా మొదలయిందో చిన్న తరగతుల వాళ్లకి తెలియదు. నేను ఎనిమిదిలో ఉండగా సారు ఒక గోనెసంచి మోసుకొచ్చారు. అందులో రెండు అల్యూమినియం బ్యాట్లు, తొమ్మిది గ్లౌజులు, ఒక హెల్మెట్, ఆరు బంతులు. ఇప్పుడు బంతులు నాలుగే ఉన్నాయి. రెండు గెడ్డలో పోయాయి. మన గ్రౌండు ఎడమవైపు దిగుడు కదా, అటు కొడితే బంతి సిల్వర్ ఓక్ చెట్లు దాటి గెడ్డలోకి దొర్లిపోతుంది. గెడ్డలోకి కొట్టినవాడే దిగి తేవాలని సారు రూలు పెట్టారు. నేను చాలాసార్లు దిగాను. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజం. చిన్నప్పటి నుంచి ఊళ్లో బిళ్లంగోడు ఆడినవాణ్ణి. జానెడు లేని బిళ్లని గాల్లోకి లేపి కొట్టినవాడికి ఇంత బంతి ఒక లెక్కా అనుకున్నాను. సారు నన్ను "బిళ్లంగోడు బ్యాటరు" అనేవారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

2023లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సెప్టెంబరు నెలలో కిందకి, మైదానం ఊరికి, పోటీలకి వెళ్లాం. ఘాటు రోడ్డులో నలుగురు వాంతులు చేసుకున్నారు, అందులో నేనొకణ్ణి. మొదటి మ్యాచ్ గెలిచాం. రెండోదానిలో గొడవ. ఆఖరి ఇన్నింగ్స్, మాకు 3, వాళ్లకి 4. ఇద్దరు ఔట్. రెండో బేసులో ఒకడు, మూడో బేసులో ఒకడు. నేను కొడితే గెలుస్తాం.

ఆ రోజు మా అయ్య వచ్చాడు. సంతకి పసుపు దింపుకొచ్చి, వార్డెన్ సారుకి ఫోన్ చేయించి, గ్రౌండు ఎక్కడో కనుక్కుని వచ్చాడు. కంచె అవతల తువ్వాలు తలకి చుట్టుకుని నిలబడ్డాడు. మా అయ్యకి ఈ ఆట తెలియదు. నేను కర్ర పట్టుకుని వెళ్తుంటే పక్కవాణ్ణి "ఆ కర్రతోటి మావోడు ఎవున్ని కొట్టాల?" అని అడిగాడట. తరవాత తెలిసింది.

అవతల గట్టు మీద కొంతమంది పిల్లలు కూర్చున్నారు. ఏ స్కూలు వాళ్లో నేను రాయను. "ఒరే కొండోడా, బ్యాటెందుకురా, బాణం తెచ్చుకోలేదా" అని ఒకడు అరిచాడు. మిగతావాళ్లు నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ ఊళలు పెట్టారు. అంతకుముందు మా యాసని కూడా వెక్కిరించారు. అప్పుడు పట్టించుకోలేదు. బ్యాటు పట్టుకున్నాక మాత్రం ఆ మాటలు హెల్మెట్ లోపల దూరిపోయాయి.

మొదటి బంతి తిన్నగా నడుము ఎత్తున, నడిమధ్యలో వచ్చింది. మన గ్రౌండులో అయితే అది గెడ్డలో ఉండేది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. చేతులు రాలేదు. బ్యాటు రోకలిలా బరువెక్కింది. స్ట్రైక్. అయ్యో అనుకుని, రెండో బంతిని ఎలాగైనా కొట్టేయాలని ముందే తిప్పేశాను. అది నేల తాకి దుమ్ము లేచింది. అలాంటి బంతికి ఒకటో తరగతి పిల్లాడు కూడా కర్ర ఊపడు. రెండో స్ట్రైక్. మూడో బంతి ఎక్కడికి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే కళ్లు మూసుకున్నాను. బ్యాటు తిరిగింది, చప్పుడు క్యాచర్ గ్లౌజులోంచి వచ్చింది. అయిపోయింది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. మా క్యాచర్ తన అరటిపండు నా చేతిలో పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. సారు సామాన్లు లెక్కపెట్టుకుంటున్నారు. అయ్య కంచె దగ్గరికి వచ్చి "తిన్నావా?" అని అడిగాడు. పకోడీల పొట్లం ఇచ్చాడు. ఆఖరి జీపు వెళ్లిపోతుందని వెళ్లిపోయాడు. పసుపు అమ్మిన డబ్బుల్లోంచి ఆ పొట్లం కొన్నాడని తెలిసి నాకు గొంతు దిగలేదు. అది మిగతావాళ్లు తిన్నారు.

ఆ తరవాత జరిగిందే ఎక్కువ చెడ్డది. ఒక మ్యాచ్ పోతే ఏముంది. నేను ప్రాక్టీసులో కూడా కొట్టలేకపోయాను. మన గ్రౌండులో, మన వాడే మెల్లగా వేస్తుంటే కూడా చేతులు బిగుసుకుపోయేవి. కడుపునొప్పి అని రెండు వారాలు గ్రౌండుకి పోలేదు. స్టడీ అవర్లో పుస్తకం తెరిస్తే ఆ మొదటి బంతి కనపడేది. యూనిట్ టెస్టులో లెక్కలు కూడా పోయాయి. దసరా సెలవులకి ఇంటికి వెళ్లి అమ్మతో "నేనింక బడికి పోను, పోడు పనికే వస్తాను" అన్నాను. ఈ మాట వార్డెన్ సారుకి ఇన్నాళ్లూ తెలియదు. ఇప్పుడు చదువుతారు కాబట్టి మన్నించాలి.

అమ్మ ఏడ్చింది. అయ్య ఏమీ అనలేదు. తెల్లారి నన్ను మంచె దగ్గరికి తీసుకుపోయాడు. జొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి. చిలకలు గుంపులు గుంపులుగా దిగుతాయి. అయ్య చేతిలో వడిసెల, పక్కన రాళ్ల కుప్ప. వడిసెల నాకిచ్చి తను చుట్ట ముట్టించాడు. నేను కనపడిన ప్రతి చిలక మీదా విసిరాను. దూరంగా ఆకాశంలో పోతున్నవాటి మీద కూడా విసిరాను. గంటలో కుప్ప అయిపోయింది, చెయ్యి లాగేసింది, అప్పుడు అసలు గుంపు చేలో వాలింది. అయ్య నవ్వాడు.

"పోయే చిలకలన్నీ మనవా ఏటి? మన చేలో వాలేదాన్నే కొట్టాల. మిగతావన్నీ ఒగ్గేయాల" అన్నాడు.

మరి కాసేపటికి నేను అడిగాను. "అయ్యా, నీకెప్పుడైనా బయం ఏసిందా?" మా అయ్య ఒకసారి తోటలో ఎలుగుబంటికి ఎదురుపడ్డాడు. ఊళ్లో అందరికీ తెలుసు. "ఎందుకెయ్యదు? మోకాళ్లు టకటకా కొట్టుకున్నాయి" అన్నాడు. "మరేం చేశావు?" "ఏటి చేత్తాను, వణుక్కుంటానే నిలబడ్డాను. దాన్నే సూసుకుంటా నిలబడ్డాను. అదే ఎల్లిపోనాది."

సెలవులయ్యాక బడికి వచ్చేశాను. ఎందుకు వచ్చానో సరిగ్గా చెప్పలేను. అమ్మ బట్టలు సర్దేసి గుమ్మంలో పెట్టింది, అంతే.

పి.ఇ.టి. సారుకి ఎవరు చెప్పారో గాని ఆయనకి సంగతి తెలిసిపోయింది. నన్ను పిలిచి వింత శిక్ష వేశారు. వారం రోజులు బ్యాటు తిప్పకూడదు. హెల్మెట్ పెట్టుకుని ప్లేటు పక్కన నిలబడాలి. బంతి వస్తుంటే దాన్ని క్యాచర్ గ్లౌజు దాకా చూడాలి, "బాల్" అనో "స్ట్రైక్" అనో గట్టిగా అరవాలి. అంతే పని. మొదటి రోజు నవ్వొచ్చింది. చూసే మిత్రులు కూడా "సంతలో వేలం పాటలా ఉందిరా" అన్నారు. మూడో రోజుకి బంతి మీద ఎర్ర కుట్లు కనపడటం మొదలైంది. అది చేతిలోంచి వదిలేటప్పుడే ఎటు పోతుందో తెలుస్తోంది. అప్పటిదాకా నేను బంతిని చూస్తున్నాననుకున్నాను గాని, నిజానికి పిచ్చర్ మొహాన్నీ, గట్టు మీద కూర్చున్నవాళ్లనీ చూస్తున్నానన్న మాట.

సారు చెప్పిన సంగతి నాకు అర్థమైన మేరకు రాస్తాను. భయం వచ్చినప్పుడు ఒళ్లు బిగుస్తుంది. భుజాలు చెవుల దగ్గరకి లేస్తాయి, పిడికిలి గట్టిపడుతుంది, ఊపిరి పై పైనే ఆడుతుంది. బిగిసిన చెయ్యి నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరుగుతుందని తెలిసి మనం బంతి ఎటు పోతుందో చూడకుండానే ముందుగా తిప్పేస్తాం. అందుకే దుమ్ములో పడ్డ బంతికి ఊపాను. ఇంకో తప్పేమిటంటే బ్యాటింగు గీతల లోపల నిలబడి "మోచెయ్యి ఇలా, కాలు అలా" అని ఆలోచించడం. సైకిలు తొక్కేవాడు కాళ్లకేసి చూసుకుంటే పడతాడు. ఆలోచన ఏదైనా గీత బయట నిలబడి చెయ్యాలి. లోపల అడుగు పెట్టాక బంతి ఒక్కటే.

ఆ గీత బయటి పనికి సారు నాకు ఒక పద్ధతి నేర్పారు. ప్రతి బంతికీ ముందు బయటకి వచ్చి బ్యాటు పిడి పైన ఉన్న నల్ల టేపు ముడిని చూడాలి. వేరే ఎటూ చూడకూడదు. ముక్కుతో గాలి పీల్చి, నోటితో పొడుగ్గా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలాలి. భుజాలు కిందికి దిగుతాయి. తరవాత ఒక్క మాట మనసులో అనుకోవాలి. ఆ మాట ఎవరికి వారు పెట్టుకోవచ్చు. నాది "గెడ్డ". నవ్వకండి. ఆ మాట అనుకుంటే నాకు మన గ్రౌండు, సిల్వర్ ఓక్ చెట్లు, నీళ్ల చప్పుడు గుర్తొస్తాయి. తరవాత లోపలికి పోవాలి. కొట్టినా, తప్పినా, అంపైర్ అన్యాయం చేసినా, మళ్లీ బయటకి వచ్చి మొదటి నుంచి అదే. ముందు బంతి ముందు బంతితోనే పోయింది.

మంత్రం వేసినట్టు పనిచేస్తుందనుకోవద్దు. రెండు నెలలు ప్రాక్టీసు చేస్తే గాని అది అలవాటు కాలేదు. అప్పటికీ కాళ్లు వణికేవి. వణకనీ అన్నారు సారు. అయ్య ఎలుగుబంటి కథ సారుకి చెప్తే "మీ నాన్నే కోచ్ కావాల్సింది" అన్నారు.

ఇంకొక రోజు సారు అంకెలు చెప్పారు. బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాటింగుకి పోయి మూడుసార్లు కొట్టినవాణ్ణి చాలా మంచి బ్యాటర్ అంటారట. మా బెంచీవాడు లేచి "అంటే పదికి మూడు మార్కులొస్తే ఫస్టు క్లాసా సార్?" అన్నాడు. మన లెక్కల సారు ఒప్పుకోరనుకోండి. కానీ ఇది నిజం. బేబ్ రూత్ అనే ఆయన 714 హోం రన్నులు కొట్టాడు, 1,330 సార్లు మూడు స్ట్రైకులకి ఔటయ్యాడు. రెజ్జీ జాక్సన్ 2,597 సార్లు అలా ఔటయ్యాడు. అదే రెజ్జీ జాక్సన్ 1977 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ముగ్గురు పిచ్చర్లు వేసిన మూడు బంతుల మీద మూడు హోం రన్నులు కొట్టాడు. నేను ఒక్కసారి ఔటయినందుకు బడి మానేద్దామనుకున్నాను. 2,597 అని నోటు పుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

టెడ్ విలియమ్స్ సంగతి నాకు అన్నిటికంటే నచ్చింది. 1941లో సీజను ఆఖరి రోజు, సెప్టెంబరు 28, ఆయన సగటు 0.39955. ఆ రోజు ఆడకుండా కూర్చుంటే దాన్ని 0.400 అని రాసేస్తారు, పేరు నిలిచిపోతుంది. కూర్చుంటావా అని మేనేజరు అడిగితే ఒప్పుకోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 సార్లలో 6 సార్లు కొట్టి 0.406 చేశాడు. ఈయనే తరవాత బ్యాటింగు మీద పుస్తకం రాసి, అందులో స్ట్రైక్ జోన్‌ని 77 బంతుల చోట్లుగా గీసి, ఏ చోటు బంతిని కొడితే తన సగటు ఎంతో వేసి చూపించాడు. మధ్యలో అయితే 0.400, బయటి కింది మూల అయితే 0.230. ఆయన మొదటి సూత్రం ఏమిటంటే, కొట్టదగిన బంతి కోసం చూడు. అది విన్నప్పుడు నాకు మంచె మీద అయ్య గుర్తొచ్చాడు. బయటికి అనలేదు, అంటే నవ్వుతారని.

ఇక ఒక ముఖ్యమైన సంగతి. ఇది చదివే మిత్రులు నిదానంగా చదవాలని కోరుతున్నాను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే చోట 1879లో అక్కడి గిరిజన పిల్లల కోసం ఒక హాస్టలు బడి పెట్టారు. మన బడిలాంటిది అనుకునేరు, కాదు. అక్కడ పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేసేవారు, పేర్లు మార్చేసేవారు, వాళ్ల భాష మాట్లాడనిచ్చేవారు కాదు. ఆ పేజీ చదివిన రాత్రి నేను చాలాసేపు పడుకోలేదు. మనల్ని ఇక్కడ మన పాటలు పాడనిస్తున్నారు, థింసా ఆడిస్తున్నారు.

ఆ బడి నుంచి ఇద్దరు పెద్ద బేస్‌బాల్ ఆటగాళ్లు వచ్చారు. ఒకాయన జిమ్ థార్ప్, శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండిటిలో బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు సెలవుల్లో చిన్న జట్లకి కొద్ది డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. ఆయన చనిపోయింది 1953లో. 1982లో గాని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, అదీ ఇంకొకరితో కలిపి. ఆయన ఒక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022లో. పతకాలు లాగేసుకున్న ఆ 1913లోనే ఆయన న్యూయార్క్ జెయింట్స్ జట్టులో పెద్ద లీగు బేస్‌బాల్ ఆడటం మొదలుపెట్టాడు. వంపు తిరిగే బంతిని కొట్టలేడని అనేవారు. 1919లో ఆయన సగటు 0.327. ఆ ఏటితో ఆయన పెద్ద లీగు ఆట ముగిసింది.

రెండో ఆయన చార్లెస్ బెండర్, ఓజిబ్వే తల్లి కొడుకు. ఈయన పిచ్చర్. ఆయన మైదానంలోకి వస్తే జనం నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ ఊళలు వేసేవారు. ఈ వాక్యం చదివి నేను పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచి చదివాను. ఆ రోజు గట్టు మీదవాళ్లు నాకు చేసిందే, వందేళ్ల కిందట, సముద్రాల అవతల! ఆయన్ని అందరూ "చీఫ్" అని పిలిచేవారు, అంటే దొర అని ఎగతాళి. ఆయన మాత్రం సంతకం ఎప్పుడూ చార్లెస్ బెండర్ అని పెట్టేవాడు. ఒత్తిడి మ్యాచ్ అంటే ఆయన్నే పంపేవారు. 1953లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు.

హేంక్ ఆరన్ నల్లజాతివాడు. చిన్నప్పుడు కర్రతో సీసా మూతలు కొట్టి నేర్చుకున్నాడట, మన బిళ్లంగోడులాగే. బేబ్ రూత్ 714ని దాటబోతున్నాడని తెలిసి, చంపుతామని ఆయనకి కుప్పలుగా ఉత్తరాలు రాశారు. 1973 సీజను 713 దగ్గర ఆగింది. ఒక చలికాలమంతా ఆ ఉత్తరాలతో గడిపి, 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో 715వది కొట్టాడు. నాకు వచ్చింది "కొండోడా" అన్న ఒక్క అరుపు. కానీ చిన్నదైనా ముల్లు ముల్లే కదా.

2024లో మళ్లీ కిందకి వెళ్లాం. ఈసారి వాంతులు చేసుకున్నది ఇద్దరే. అదే గ్రౌండు. అదే గట్టు. ఆ పిల్లలే అని చెప్పలేను గాని అరుపులు అవే. అయ్య రాలేదు, కోతల కాలం. ఆఖరి ఇన్నింగ్స్‌లో మాకు 4, వాళ్లకి 5. ఇద్దరు ఔట్. మూడు బేసుల్లోనూ మావాళ్లే. వరుసలో తరవాతి పేరు నాది. దేవుడు ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

టేపు ముడి చూశాను. గాలి వదిలాను. గెడ్డ. మోకాళ్లు వణుకుతున్నాయి. వణుక్కుంటూనే లోపలికి వెళ్లాను.

మొదటిది బాగా బయటికి. వదిలేశాను. బాల్. రెండోది కొట్టాను, ఆలస్యమై ఫౌలయి సరిగ్గా ఆ గట్టు మీదకి పోయింది. అరిచేవాళ్లందరూ లేచి పరుగో పరుగు. నేను కావాలని కొట్టలేదు, ఒట్టు. మూడోది కింద, బాల్. నాలుగోది కూడా కిందే అనుకున్నాను, అంపైర్ స్ట్రైక్ అన్నాడు. పాతరోజుల్లో అయితే అక్కడే అయిపోయేవాణ్ణి. బయటికి వచ్చి ముడి చూశాను. ఐదోది తల ఎత్తున పోయింది. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. ఆరోది ఫౌల్. చేతుల్లో తిమ్మిరి.

ఏడోది వస్తోంది. ఎర్ర కుట్లు కనపడ్డాయి. మొదట మధ్యకే వస్తున్నట్టు ఉంది, తరవాత కిందికి, బయటికి జారుతోంది. చేతులు ముందుకి పోబోయాయి. ఇది మన చేలో వాలేది కాదు. ఆపేశాను. బంతి గ్లౌజులో పడింది. అంపైర్ వెంటనే ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో చెప్పలేను, పాడేరు ఘాటు అంత పొడుగు అనిపించింది. అప్పుడు "బాల్" అన్నాడు.

నేను మొదటి బేసుకి నడిచాను. మూడో బేసువాడు హోం ప్లేటుకి నడిచి వచ్చాడు. 5, 5. నా వెనక వచ్చిన మా క్యాచర్, అరటిపండు ఇచ్చినవాడే, మొదటి బంతినే ఇద్దరి మధ్యలోంచి కొట్టేశాడు. గెలిచాం. వాణ్ణి ఎత్తుకుని తిప్పారు. నా గురించి ఎవరూ పెద్దగా అనలేదు, నేను ఏమీ కొట్టలేదు కదా. సారు మాత్రం సామాన్లు లెక్కపెడుతూ, తల ఎత్తకుండా, "ఏడో బంతి" అన్నారు. అంతే.

ఆ మధ్యాహ్నమే తరవాతి మ్యాచ్ ఓడిపోయాం. అందులో నేను రెండుసార్లు మూడు స్ట్రైకులకి ఔటయ్యాను. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. రాత్రి సాంబారన్నం మూడుసార్లు పెట్టించుకున్నాను.

వార్డెన్ సారు ఫోనులోంచి అయ్యతో మాట్లాడాను. "కొట్టావా?" అన్నాడు. "లేదయ్యా, ఒగ్గేశాను" అన్నాను. అవతల నవ్వు వినపడింది. "పకోడీలు తిన్నావా?" అన్నాడు.

ఇప్పుడు నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. నల్ల టేపు ముడి ఉన్న బ్యాటు స్టోరు రూము తలుపు వెనక ఉంది. టేపు కొంచెం ఊడింది, ఎవరూ పూర్తిగా పీకొద్దు. ఆదివారం టిఫిను తరవాత గ్రౌండులో ఉంటాం. ఏడు, ఎనిమిది తరగతుల తమ్ముళ్లు రావచ్చు. గ్లౌజులు తొమ్మిదే కాబట్టి ముందు వచ్చినవాళ్లకే. మొదటి వారం ఎవరికీ బ్యాటు తిప్పే పని ఉండదు, అరిచే పనే. గెడ్డలో నీళ్లు ఎక్కువగా ఉన్నాయి, ఈత రానివాళ్లు కుడివైపు కొట్టండి.